ఫ్లైవెయిట్‌కి ఇంకొక్క గారె

బాక్సర్‌కి కోచ్ అక్కర్లేదు, ఫోన్లో ఫ్యామిలీ గ్రూపు ఒకటి ఉంటే సరిపోతుంది. ఈ మాట పూర్తి బాధ్యతతో అంటున్నాను. కోచ్ ఒక్కడే, అతనికి తెలిసింది బాక్సింగ్ ఒక్కటే. గ్రూపులో అరవైమంది ఉంటారు, వాళ్ళకి బాక్సింగ్ తప్ప అన్నీ తెలుసు!

నమ్మరా? అయితే మన మలేషియా క్లాంగ్ ఊరి తెలుగింటి మనవడు, బ్రిటిష్ బాక్సర్ కిశోర్‌కుమార్ సంగతి వినండి.

తల్లి శాంతాదేవి క్లాంగ్ పిల్ల. నర్సు ఉద్యోగానికి ఇంగ్లండులోని లెస్టర్ వెళ్ళి అక్కడే స్థిరపడింది. అక్కడ పుట్టిన కొడుకు ఫ్లైవెయిట్ అయ్యాడు, అంటే యాభై ఒక్క కిలో కూడా తూగకూడని తరగతి. ఆ బరువు దాటకుండా ఉండటానికి పాపం ఏళ్ళ తరబడి ఉడకబెట్టిన కోడిముక్కలు, ఆకులు తిని బతికాడు. చిన్న చిన్న హాళ్ళలో గెలిచాడు, బ్రిటిష్ టైటిల్ కొట్టాడు, ప్రపంచ బెల్టు దాకా వెళ్ళి రెండుసార్లు ఓడాడు. ఈలోగా వయసు మీదపడింది, మోకాళ్ళు మొరాయించడం మొదలైంది. కౌలాలంపూర్‌లో మళ్ళీ బెల్టు పోటీ దొరికింది. ఇదే చివరిది. గెలిచి, బెల్టు పట్టుకుని, మర్యాదగా ఇంటికి పోవాలి. అతని కోరిక అంతే.

ఇంత చిన్న కోరికకి ఎంత సాయం కావాలి! గ్రూపు నడుం బిగించింది.

ఎడం చెయ్యి ఇంకా పైకెత్తమని ఒకరు, తేనె నిమ్మరసం తాగమని ఇంకొకరు. సైబర్‌జయలో సాఫ్ట్‌వేర్ అమ్మాయి ఉంది, జాతకం పంపమని మరొకరు. ఇంత శ్రద్ధ ఏ జిమ్ములో దొరుకుతుంది?

బరువు తూచే ముందురోజు కిశోర్ అమ్మమ్మ దేవుడమ్మని చూడ్డానికి క్లాంగ్ వచ్చాడు. దండం పెట్టి వచ్చేయమని కోచ్ పంపాడు. ఆ పెద్దమనిషికి మన దండాల సంగతి తెలియదు.

"ఏటిరా నాయనా, బుగ్గలు పీక్కుపోయినాయి. ఆ దొర నీకు కూడెట్టడా?" అంది దేవుడమ్మ, గారెలు వడ్డిస్తూ.

"సాలు, అమ్మమ్మా," అన్నాడు కిశోర్. అతనికి తెలుగు అర్థమవుతుంది గానీ నోటికి వచ్చేవి నాలుగైదు మాటలు. అందులో ఇదొకటి.

మన ఇళ్ళలో చాలు అనడానికి ఒక పద్ధతి ఉందా లేదా? మొదటిసారి అంటే మొహమాటం. రెండోసారి అంటే ఆకలిగా ఉంది, అడగలేకపోతున్నాడు. కంచం మీద అడ్డంగా పడుకుని అంటేనే చాలు. బాక్సింగులో తువ్వాలు విసిరితే ఆట ఆపేస్తారట. మన వంటింట్లో విసిరి చూడండి, చెయ్యి తుడుచుకోమన్నారనుకుని మళ్ళీ వడ్డిస్తారు! లెస్టర్‌లో పెరిగినవాడికి ఇవన్నీ ఎవరు నేర్పుతారు? ఒక్కసారి అన్నాడు. పెట్టింది తిన్నాడు.

అక్కడ తిన్నాడని ఇంట్లో పిల్లలెవరో గ్రూపులో ఫొటో పెట్టారు. వెంటనే పక్క వీధి మేనమామ కూర్మయ్య కారేసుకుని వచ్చాడు.

"అమ్మ కాడ తిని మా కాడ తినకపోతే ఎలాగ లా? మీ అత్త ఏడుస్తాది," అన్నాడు, మన మలేషియా అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

అత్తని ఏడిపించేంత కసాయివాడా కిశోర్? అక్కడా తిన్నాడు. తర్వాత పిన్ని పుష్పవల్లి ఇంట్లోనూ తిన్నాడు.

మర్నాడు తూకంలో అరకిలో ఎక్కువ తేలాడు. గడువిస్తే రబ్బరు కోటు తొడుక్కుని తాడాట ఆడాడు, చెమట కక్కాడు. కొంచెం దిగింది గానీ చాలినంత దిగలేదు. బరువు మించినవాడు పోటీకి దిగవచ్చు, గెలిచినా బెల్టు మాత్రం ఇవ్వరు.

కిశోర్ దిగాడు. తొమ్మిదో రౌండులో ఛాంపియన్‌ని పడగొట్టాడు. బెల్టు ఓడినవాడి దగ్గరే ఉండిపోయింది.

గ్రూపులో పండగే పండగ. "గెలిసినాడు కదా, బెల్టుదేటి లా, మనమే ఒకటి సేయించి ఏద్దాం," అని కూర్మయ్య వాయిస్ మెసేజ్ పెట్టాడు. చూశారా, పెద్ద మనసు!

ఎయిర్‌పోర్టు నుంచి కిశోర్ గ్రూపులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు ముక్క ఒకటి రాశాడు. ఇంక బాక్సింగ్ సాలు, అని.

"సాలంటే ఎలాగరా? మా కోసం ఇంకొక్కటి," అని పుష్పవల్లి జవాబిచ్చింది. దాని కింద అందరూ హృదయాలు పెట్టారు. కోచ్ ఏం చేశాడో తెలుసా? సరే అని చెయ్యి కలిపి ఊరుకున్నాడట. మనసులేని మనిషి.

దేవుడమ్మకి ఫోను లేదు. ఆ సాయంత్రం పుష్పవల్లి తల్లికి గ్రూపంతా చదివి వినిపించింది. ముసలామె చివరిదాకా వింది.

"మరైతే ఆ దినం నా కాడ సాలన్నది కూడా నిజంగానేనేటే?" అని అడిగింది.

ఆ ప్రశ్న ఒక్కటే పుష్పవల్లి గ్రూపులో పెట్టలేదు.