వచ్చే ఏడాది రంగు

ఆ శనివారం పొద్దున్న బాబురావు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఢిల్లీ ఓఖ్లాలో తను పనిచేసే ఎక్స్‌పోర్టు కంపెనీకి వెళ్లి, ఫరీదాబాద్ మిల్లు నుంచి దిగిన బట్ట చూసి సంతకం పెట్టాలి. మధ్యాహ్నానికి కటవారియా సరాయ్‌లో ఇల్లు చేరి, భార్య సరళకుమారి వండిన చేపల పులుసు తిని పడుకోవాలి. పథకం గోదాము గుమ్మం దాకా బాగానే నడిచింది.

బట్ట విప్పి ఎండలో పరిచారు. రంగుల నమూనాలుండే షేడ్ కార్డు ప్రకారం అది లేత సముద్రపు పచ్చగా ఉండాలి. ఆ కార్డేమీ ఆషామాషీ కార్డు కాదు. ఏటా పారిస్‌లో పదిమంది పెద్దలు గది తలుపులు వేసుకుని, గులకరాళ్లూ ఎండుటాకులూ ముందు పోసుకుని, వచ్చే ఏడాది లోకం ఏ రంగు చూసి మురిసిపోవాలో తేలుస్తారు. ఆ లోకంలో మీరూ నేనూ ఉన్నాం గానీ మనల్నెవరూ అడగరు. వాళ్లు తేల్చాక గౌన్ల దగ్గర్నుంచి సబ్బుపెట్టెల దాకా ఆ రంగు పూసుకోవాల్సిందే.

ఎండలో పరిచిన బట్ట మాత్రం తోటకూర పప్పు రంగులో ఉంది.

తప్పు బాబురావుదే. నమూనా ముక్క వచ్చిన సాయంత్రం కరెంటు పోయింది. రంగులు సరిచూసేందుకు పగటి వెలుతురునిచ్చే లైటు పెట్టె ఒకటి ఉంటుంది. అది ఆరిపోయింది. జనరేటరు మీద వెలిగే పసుపు బల్బు కింద ముక్కను పట్టుకుని, చెమట తుడుచుకుంటూ "ఓకే" అని రాసిపారేశాడు.

యజమాని చడ్డా సాబ్ వచ్చి బట్టను చూశాడు, బాబురావును చూశాడు, మళ్లీ బట్టను చూశాడు.

"బాబురావ్ జీ, యే క్యా హై?"

"క్రేప్, సార్."

"రంగ్! రంగ్ కౌన్‌సా హై?"

తోటకూర పప్పుకు బాబురావు దగ్గర హిందీ లేదు.

పారిస్ పెద్దల్లో ఒకావిడ, సోలాంజ్ మేడమ్, రేపు కాక వచ్చే ఆదివారం ఢిల్లీలో దిగుతోంది. సోమవారం ఇదే గోదాములో అడుగుపెడుతుంది. "ముఫ్త్ మే ఇచ్చెయ్, లేదా పారెయ్, శామ్ తక్ ఇక్కడ ఉండకూడదు. నహీఁ తో దీంతోపాటు నువ్వూ బయటికే!" అని చడ్డా సాబ్ తేల్చేశాడు. పన్నెండేళ్ల ఉద్యోగం. నలభై ఆరేళ్ల వయసులో తనను పిలిచి ఇంకో ఉద్యోగం ఇచ్చేదెవరు?

ఇంటికి వచ్చి పులుసు ముట్టకుండా బట్ట ముక్కను భార్య ముందు పెట్టాడు. సరళకుమారి ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు, తెలుగు చర్చిలో స్త్రీల సమాజం సెక్రెటరీ. ఏటా స్త్రీల ఆదివారం నాడు సమాజంలోని అరవైమందీ ఒకే రంగు చీరలు కట్టాలి. ఆ రంగు కోసం నెల రోజులుగా గుంటూరువాళ్లు నెమలికంఠమనీ, కాకినాడవాళ్లు గులాబీ అనీ కొట్టుకుంటున్నారు.

"మూడొందల అరవై మీటర్లుంది సరళా. సరిగ్గా అరవై చీరలు. ఊరికే ఇస్తారంట."

"ఊరికేనా? ఏం, పాడైపోయిందా? పారబోసే గుడ్డలు కట్టడానికి మేమే దొరికామా మీకు?"

బాబురావు నోట్లోంచి అబద్ధం దానంతటదే వచ్చేసింది. "పిచ్చిదానా, ఇది వచ్చే ఏడాది రంగు! పారిస్‌లో తేల్చారు. ఇంకా బయటికి పొక్కలేదు. నోరు జారావంటే నా ఉద్యోగం పోద్ది."

"ఛ, నేనెందుకు చెబుతానండీ!"

ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సమాజం ప్రెసిడెంటు అనుగ్రహ ఆంటీకి మాత్రం, ఒట్టు వేయించుకుని చెప్పింది. ఆంటీ కూడా అంతే జాగ్రత్త పడింది. రెండు రోజుల్లో అరవైమందిలో ప్రతి ఒక్కరూ ఆ రహస్యం తనకొక్కదానికే తెలుసనుకుని మురిసిపోతున్నారు. నెమలికంఠమూ గులాబీ రెండూ గంగలో కలిశాయి. బట్ట అయితే ఆ శనివారం సాయంత్రమే టెంపో ఎక్కి చర్చికి చేరింది.

మేడమ్ దిగే ఆదివారం రానే వచ్చింది. చర్చిలో స్త్రీల ఆదివారమూ అదే. మేడమ్‌కు ఊరు చూపించే పని చడ్డా సాబ్ బాబురావు నెత్తినే పెట్టాడు. చర్చి ఛాయలకు పోకుండా, ఎందుకైనా మంచిదని అతను కారును ఇండియా గేటుకు పోనిచ్చాడు. ఆరాధన కాగానే ఆడవాళ్లందరూ బస్సు మాట్లాడుకుని గ్రూపు ఫొటోకి అక్కడికే వచ్చారని పాపం అతనికెలా తెలుస్తుంది?

పచ్చికలో మూడు వరసలుగా అరవై తోటకూర పప్పు చీరలు!

"మేడమ్, ఐస్‌క్రీమ్! వెరీ ఫేమస్ ఐస్‌క్రీమ్!" అంటూ బాబురావు ఆవిడను అటు తిప్పబోయాడు. ఆవిడ అప్పటికే కెమెరా తీసి పరుగెత్తుతోంది. ఈ రంగు ఎవరు ఎంచారని ఇంగ్లీషులో సరళకుమారినే అడిగింది. మొగుడి ఉద్యోగం గుర్తొచ్చి సరళకుమారి గొంతు తగ్గించింది. "సీక్రెట్, మేడమ్. నెక్స్ట్ ఇయర్ కలర్. ఆల్ లేడీస్ ఆర్ నోయింగ్."

మేడమ్ ముఖం పాలిపోయింది. పారిస్‌లో తలుపులు బిగించుకుని తాము తేల్చింది ఒకటి. ఇక్కడ అరవైమంది ఆడవాళ్లు ఇంత ధీమాగా కట్టింది ఇంకొకటి. లోకం తమను అడక్కుండానే ముందుకు పోయిందని ఆవిడ నిశ్చయించుకుంది.

సోమవారం చడ్డా సాబ్ గదిలో సోలాంజ్ మేడమ్ ప్రకటించేసింది. సముద్రపు పచ్చ ముసలిదైపోయిందట. రాబోయేది ఇదేనట. పేరు 'సేక్రెడ్ మాస్', అంటే పవిత్రమైన నాచు. రేపు సాయంత్రం విమానం. ఫొటో చూసి అది మా బట్టేనని చడ్డా సాబ్ అనేశాడు. మూడొందల అరవై మీటర్లూ పట్టుకెళ్లి పెద్దల ముందు పరుస్తుందట.

"బిల్కుల్, మేడమ్!" అన్న చడ్డా సాబ్ వరండాలోకి వచ్చి బాబురావు కాలరు పట్టుకున్నాడు. "దునియా కా నంబర్ వన్ కపడా ముఫ్త్ మే పంచేశావా? ఎవరు ఇమ్మన్నారు నిన్ను?"

"మీరే కదా సార్."

"రేపు పొద్దుటికల్లా వాపస్ లావ్! నహీఁ తో ఛుట్టీ!"

శనివారం ఆ బట్ట ఉంటే ఉద్యోగం పోయేది. సోమవారానికి లేకపోతే పోయేలా ఉంది.

సాయంత్రం స్త్రీల సమాజం ముందు బాబురావు చేతులు జోడించాడు. "అమ్మా, అది వచ్చే ఏడాది రంగు కాదు, ఏమీ కాదు. చెడిపోయిన బట్ట. కరెంటు లేనప్పుడు చూసుకోకుండా నేనే ఓకే చేశాను. దయచేసి చీరలు ఇచ్చేయండి."

అనుగ్రహ ఆంటీ ముక్కున వేలేసుకుంది. "విన్నావా సరళా! ఫ్రాన్సు నుంచి దొరసాని వచ్చి ఫొటోలు తీసుకుని వెళ్లింది గదా, ఇప్పుడది చెడిపోయిందంట! మన ఒంటిమీది చీరలు లాక్కోడానికి ఎన్ని కబుర్లో!"

సరళకుమారి కళ్లలో నీళ్లు తిరిగాయి. "పెళ్లయిన ఇరవై ఏళ్లలో మీరు చెప్పింది నిజమైంది ఈ ఒక్కసారేనండీ. దాన్ని కూడా వెనక్కి తీసుకుంటారా?"

ఒక్క చీర కూడా రాలేదు.

మంగళవారం పొద్దున్న బాబురావు తిన్నగా మేడమ్ దిగిన హోటలుకు వెళ్లాడు. ఎలాగూ పోయే ఉద్యోగం, నిజం చెప్పి పోగొట్టుకుందామనుకున్నాడు. చడ్డా సాబ్ అప్పటికే పూలగుత్తితో అక్కడ కూర్చుని ఉన్నాడు. బాబురావు తనకు వచ్చిన ఇంగ్లీషులో కరెంటు, బల్బు, చెమట, చర్చి, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పేశాడు. చడ్డా సాబ్ తల పట్టుకున్నాడు.

మేడమ్ చివరిదాకా విని, లేచి వెళ్లి తలుపు వేసింది. తర్వాత మెల్లగా అంది: "మిస్టర్ రావ్, మేమూ ఇంతే. ఒకరు పొరపాటున ఏదో రంగు అంటారు. మిగతా తొమ్మిదిమందీ తెలియదనిపించుకోవడం ఇష్టంలేక తలలూపుతారు. ఇన్నేళ్లలో బయటికి ఒప్పుకున్నవాణ్ని నిన్నే చూశాను. ఇంకెక్కడా ఒప్పుకోకు."

చడ్డా సాబ్ వైపు తిరిగి, బట్ట అక్కర్లేదు, ఫొటోలు చాలు, ఇతన్ని మాత్రం ఇంకో కంపెనీకి పోనివ్వొద్దని చెప్పింది.

బాబురావు ఉద్యోగం నిలిచింది. ఇప్పుడతను ఏడాదికొక్క పొరపాటు చేస్తే చాలు, కాకపోతే అది పెద్దలు గది తలుపులు వేసుకునేలోపు, మార్చి నెలాఖరులోగా పారిస్‌కు అందాలి.