పెద్ద సిస్టర్ కట్టిన బ్యాండ్లు

ఆ ఉదయం పెద్ద సిస్టర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. పది గంటలకు తనిఖీ బృందం వస్తుంది. మగవాళ్ల సర్జికల్ వార్డులో రోగుల చేతి బ్యాండ్ల మీద సిరా అలుక్కుపోయి, పేర్లు ఆనవాలు పట్టడానికి లేకుండా ఉన్నాయి. అన్నీ కత్తిరించి కొత్తవి కట్టేయాలి. అంతే. రెండు వారాల సెలవు తర్వాత ఆ రోజే డ్యూటీలో దిగింది కాబట్టి ఆవిడకు వార్డులో ఒక్క ముఖమూ తెలియదు. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఒక్క పొరపాటూ ఎరగని మనిషి కనుక అదేమంత విషయంగా తోచలేదు.

నేల కడగడానికి మంచాలన్నీ గోడకు లాగేసి, రోగులను వరండాలో బల్లల మీద కూర్చోబెట్టారు. సిస్టర్ అందరి చేతులూ చాపించి, పాత బ్యాండ్లన్నీ వరసగా కత్తిరించి చెత్తడబ్బాలో వేసింది. ఒకటి కత్తిరించి, దాని బదులు ఒకటి కట్టి, తర్వాత పక్క మనిషి దగ్గరికి వెళ్లాలన్నది నియమం. కానీ తొమ్మిదింటికి ఆపరేషన్ కేసును పంపాలి, ఆలోపు వార్డు మెరవాలి.

"పేరు మీరు అందించకండి. మీ పేరేంటని అడిగి, వాళ్ల నోటితోనే చెప్పించండి" అని ఏళ్ల తరబడి ట్రైనింగు పిల్లల చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూడా ఆవిడే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితితొట్టిలో పడటానికి ఎంతసేపు?

బల్ల చివర ఇద్దరు ముసలివాళ్లు. ఇద్దరికీ షుగరే, ఇద్దరికీ ఎడమ పాదానికి కట్టే. ఒకాయన రిటైరైన బస్సు డ్రైవరు. పుండు మానింది, ఆ రోజే డిశ్చార్జి. చెవులు సరిగా వినబడవు గనుక ఎవరేమన్నా మర్యాదగా తల ఊపుతాడు. రెండో ఆయన టైలరు. రెండు కాలివేళ్లు నల్లబడ్డాయి, ఆ రోజే తీసేయాలి. జీవితమంతా కుట్టుమిషను తొక్కిన కాలు అది. రెండు రోజులుగా అతనికి అన్నం సయించడం లేదు.

సిస్టర్ డ్రైవరు పేరు రాసిన కొత్త బ్యాండు పట్టుకుని టైలరు ముందు నిలబడి ఆ పేరు చదివింది.

"మీరే కదూ? ఈరోజు ఇంటికెళ్లేది?"

టైలరు ఒక్క క్షణం ఆలోచించాడు. "అవునమ్మా, నేనే."

"అయితే ఇది మీదన్నమాట తాతగారూ?"

డ్రైవరు మర్యాదగా తల ఊపాడు.

తొమ్మిదింటికి స్ట్రెచరు వచ్చింది. బ్యాండూ ఫైలూ కలిశాయి. డ్రైవరు నవ్వుతూ ఎక్కి పడుకున్నాడు. తొమ్మిదిన్నరకు అతని కూతురొచ్చింది.

"మా నాన్న ఏరీ సిస్టర్?"

"అదిగో, ఆ మంచం మీద. కాగితాలు కూడా ఇచ్చేశాం."

"ఈయన మా నాన్న కాదండీ."

సిస్టర్ టైలరు చెయ్యి పైకెత్తి చూపించింది. "బ్యాండు మీద స్పష్టంగా ఉంది కదమ్మా."

"మా నాన్నను బ్యాండు చూసి పోల్చుకోవాలా నేను?"

"ఆస్పత్రిలో ఉంటే మనిషి చిక్కిపోతాడమ్మా, అలాగే అనిపిస్తుంది."

"చిక్కితే ముక్కు మారిపోతుందాండీ?"

సిస్టర్ టైలరు వైపు చూసింది. అతను గోడ వైపు చూస్తున్నాడు. "మీ పేరేంటి?" అని ఆవిడ మొదటిసారి అడిగింది.

టైలరు కళ్లలో నీళ్లు తిరిగాయి. "వేళ్లు పోతే మిషను తొక్కలేనమ్మా. మీరే అడిగారు, అవునన్నాను."

సిస్టర్‌కు స్ట్రెచరు మీద వెళ్లిందెవరో అర్థమైంది. మెట్ల మీద ఎదురైన తనిఖీ బృందాన్ని మోచేతులతో తోసుకుంటూ పరుగెత్తింది. థియేటరులో డ్రైవరు బల్ల మీద ఉన్నాడు, ఎడమ పాదానికి మందు పూసి ఉంది, మత్తు సూది పళ్లెంలో సిద్ధంగా ఉంది. బల్లకు అడ్డంగా థియేటరు నర్సు నిలబడింది. ఒకప్పుడు సిస్టర్ దగ్గరే పని నేర్చుకున్న పిల్ల.

"కేసు ఆపేశాను సిస్టర్. మాస్కు దించి, చెవి దగ్గర గట్టిగా పేరడిగితే ఫైల్లో లేని పేరు చెబుతున్నారు. బ్యాండు చూడమని డాక్టరుగారు కేకలేస్తున్నారు."

"బండి ఇంకా రాలేదా అమ్మా?" అన్నాడు డ్రైవరు. "మా అమ్మాయి ఎదురుచూస్తుంటుంది."

సిస్టర్ అక్కడే నేల మీద కూలబడి ఏడ్చింది. సిగ్గుతో కొంత, ఆ కాలు దక్కినందుకు కొంత.

తిరిగొచ్చేసరికి టైలరు మంచం ఖాళీ. గేటు దగ్గర వాచ్‌మన్ ఏమాత్రం తడబడలేదు. "బ్యాండూ డిశ్చార్జి కాగితమూ కలిశాయి సిస్టర్. రెండుసార్లు చూశాకే పంపాను." పాపం, నియమం తప్పనిది అతనొక్కడే. టైలరు ఇంటికి మనిషిని పంపితే తాళం వేసి ఉంది.

చేతి బ్యాండ్లు కొత్తగా, స్పష్టంగా, ఆదర్శంగా ఉన్నాయని తనిఖీ బృందం రాసింది. సిస్టర్ జరిగిందంతా తన పేరు మీదే రాసి, సంతకం పెట్టి, ఆ కాగితాన్ని సూపరింటెండెంటు బల్ల మీద పెట్టింది.

ఐదో రోజున టైలరును భార్య ఆటోలో తీసుకొచ్చింది. ఒళ్లు కాలిపోతోంది. నలుపు చీలమండ దాటింది. ఇక వేళ్లతో పోదు, మోకాలి కింద దాకా తీయాలన్నాడు డాక్టరు. సిస్టర్ ఖాళీ బ్యాండు పట్టుకుని స్ట్రెచరు పక్కన వంగింది. దాని మీద రాసే ముందు అడిగింది.

"మీ పేరేంటి?"

టైలరు ఈసారి ఇంటిపేరుతో సహా చెప్పాడు.