ఇంజన్‌కు గొంగడి

పెన్‌పహాడ్‌లో గొర్లు కాసే బీరయ్యకు ఎండ గురించి ఒకరు చెప్పనక్కర్లేదు. నలభై ఏళ్లుగా నెత్తిన నల్ల గొంగడి కప్పుకుని దాన్ని ఎదుర్కొంటున్నాడు. ఆయన కూతురు గీత మోటారు సైకిళ్ల పని నేర్చుకుంది. ఆ రోజు పదకొండింటికి కోదాడలోని ఒక సర్వీస్ సెంటర్‌లో ఆమెకు ఇంటర్వ్యూ. వచ్చిన బండి చూసి, లోపమేమిటో దాని ఓనర్‌కు చెప్పే ఉద్యోగం. ఆడపిల్లకు ఈ పనేమిటని ఇప్పటికే రెండు చోట్ల తిప్పి పంపారు. ఇదీ పోతే ఇంట్లో మిషన్ కుట్టుకోవడమేనని గీత భయం.

పొద్దున్నే వాకిట్లో తండ్రి బండిని చూసి ఆమె తల పట్టుకుంది. ఎండకు ఇంజన్ వేడెక్కుతోందని గీత నిన్న అన్న మాట పట్టుకుని, బీరయ్య పాత గొంగడిని కోసి, ఇంజన్ చుట్టూ దబ్బనంతో ముచ్చటగా కుట్టేశాడు. గాలి తగలకపోతే ఇంకా వేడెక్కుతుందని గీత నెమ్మదిగా చెప్పింది.

"నలభై ఏండ్ల సంది నన్ను సల్లగ ఉంచింది. గీ ఇనుప ముక్కను ఉంచదా?" అన్నాడు బీరయ్య.

మంచి పనికి పోతూ గడపలో వాదులాడొద్దని తల్లి తిరుపతమ్మ కసిరింది. గీత తండ్రి వెనక బండెక్కింది.

సూర్యాపేట దాటాక బండి ఆగింది. గొంగడి చాల్లేదని తేల్చి, బీరయ్య నెత్తి మీది తువ్వాల కూడా విప్పి దానికి చుట్టాడు. మునగాల దగ్గర మళ్లీ ఆగింది. ఈసారి పొగ, ఉన్ని మాడిన కంపు. దాబా ముందు టీ తాగుతున్న లారీ డ్రైవర్లు ఏదో గొర్రె కాలిపోతోందనుకుని, పరుగున వచ్చి నాలుగు బకెట్ల నీళ్లు కుమ్మరించారు. అందులో రెండు గీత మీద, ఆమె సర్టిఫికెట్ల మీద పడ్డాయి. ఆ తర్వాత బండి ఎంత తన్నినా కదల్లేదు. చివరికి సంతకు పోతున్న ట్రాలీ ఆటోలో, గొర్ల మధ్య కూర్చుని, బండితో సహా తండ్రీ కూతుళ్లు కోదాడ చేరేసరికి పన్నెండయింది.

సర్వీస్ సెంటర్ యజమాని నాగేశ్వర్ రావు ఇంటర్వ్యూలు ముగించి భోజనానికి లేస్తున్నాడు. ఉన్ని కప్పుకున్న బండిని చూసి ఆగిపోయి, దీనికేమైందని అడిగాడు. గీతకు కోపం, ఏడుపు రెండూ ఒక్కసారే వచ్చాయి. తువ్వాల లాగేసి, కత్తెర అడిగి కుట్లన్నీ కోసింది. ఇంజన్ రెక్కల్లో ఇరుక్కున్న ఉన్ని పీకింది. ప్లగ్ తుడిచింది, ఆయిల్ చూసింది. కాసేపు తడి ఆరనిచ్చి కిక్ కొడితే బండి బుద్ధిగా స్టార్టయింది.

"కారణం పట్టుకోవడానికి ఎంతసేపు పట్టిందమ్మా?" అన్నాడు నాగేశ్వర్ రావు.

"పొద్దుగాలనే తెలుసు సార్. ఓనర్‌కు నచ్చజెప్పనీకే కోదాడ దాక పట్టింది."

పక్కన చిన్నబోయి నిలబడ్డ ఓనర్‌ను ఆయన ఎగాదిగా చూశాడు. "దారిలో పోట్లాడలేదా?"

"మా నాయన సార్. ఎట్ల కొట్లాడుత?"

నాగేశ్వర్ రావు పడీపడీ నవ్వాడు. "బండ్లు మాకు ఎదురు చెప్పవమ్మా, చెప్పేది ఓనర్లే. వాళ్లను ఓర్చుకునే మనిషి కోసమే ఇన్నాళ్లూ వెతుకుతున్నాను. సోమవారం నుంచి వచ్చేయ్."

బీరయ్య తడిసిన గొంగడి ముక్కతోనే కళ్లు ఒత్తుకున్నాడు.

తిరుగు దారిలో బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఇప్పుడెట్లా ఆగలేదని ఇంటి దగ్గర తిరుపతమ్మ అడిగితే, మబ్బు పట్టింది కదా అన్నాడు బీరయ్య.