ఊగడం నిషిద్ధం

మానవజాతి ముందున్న సమస్యలన్నిటిలోకీ కారు రంగు మీది గీతలే మిక్కిలి జటిలమైనవని సోలాపూర్ అశోక్ చౌక్ వెనక సందులోని తూర్పుగల్లీ మరమగ్గాల సహకార సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. (కార్మికులకు మంచినీళ్ల సమస్య అదే సమావేశంలో తర్వాతి అంశం. చాయ్ రావడంతో వాయిదా పడింది.)

సంఘానికి ఒక నల్ల అంబాసిడర్ ఉంది. దాన్ని సంఘం నేసిన టవలుతోనే, అందులోనూ అమ్ముడుపోని మాలుతోనే, పొద్దున్నే పొడిగా తుడవాలని నియమం. గరుకు టవలు, రోడ్డు దుమ్ము కలిసి కొన్నేళ్లలో ఆ నలుపు మీద సాలెగూళ్లలాంటి గీతలు గీశాయి. నీడలో కారు బాగానే ఉండేది. సోలాపూర్‌లో నీడ ఎక్కడిది?

ఆ కారుకు డ్రైవరు పెంటప్ప. అంతకు ముందు షెడ్డులో మరమగ్గం నడిపేవాడు. పత్తి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని, దగ్గు మొదలైతే మనిషి మనిషంతా ఊగిపోయేవాడు. మళ్లీ షెడ్డులో అడుగుపెడితే నా దగ్గరికి రానక్కర్లేదు, నేరుగా పైకే పోతావని డాక్టరు చెప్పాడు. డ్రైవరు సీటు దొరికినప్పుడు భార్య యల్లమ్మ బీడీల చాట పక్కన పెట్టి కళ్లు తుడుచుకుంది. "జీతం తక్కువైతే కానీ తియ్యయ్యా, ఊపిరైతే ఆడుతున్నది గదా" అంది.

రాఖీ పున్నమి దగ్గరపడింది. నేతవాళ్ల కులదైవం మార్కండేయుడి రథోత్సవంలో రథం ముందు సంఘం కారు నడవడం ఆనవాయితీ. చైర్మన్ రాజారాం శేట్ ఎండలో కారు చుట్టూ ప్రదక్షిణ చేసి ఆగాడు.

"ఏందిరా పెంటప్పా ఇది? దేవుని ముందర గీ మొహం పెట్టుకొని పోవాల్నా? పున్నమికి తళతళ మెరవాలె. లేకుంటే షెడ్డుల నీ మగ్గం ఖాళీగనే ఉన్నది, బరాబర్ యాద్ పెట్టుకో."

ఆ మాట వినగానే పెంటప్ప దగ్గడం మొదలుపెట్టాడు.

వెంటనే రంగు దిద్దుబాటు యంత్ర ఎంపిక ఉపసంఘం ఏర్పడింది. (సభ్యుల్లో ఎవరికీ కారు లేదు. నిష్పక్షపాతానికి ఇంతకన్నా హామీ ఏం కావాలి?) పుణె నుంచి ఒక సేల్స్‌మన్ రెండు పాలిష్ మిషన్లు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి ఉన్నచోటే గిర్రున తిరిగేది. అలవాటు లేని చేతిలో రంగు కాల్చేస్తుందని ఆయనే చెప్పాడు. రెండోది డ్యూయల్ యాక్షన్. తిరుగుతూనే పక్కలకు కూడా ఊగుతుంది. ఆ ఊగడం వల్ల వేడి ఒకచోట నిలవదు, రంగు కాలదు, కొత్తవాడైనా భయపడనక్కర్లేదు.

ఉపసంఘం గంభీరంగా ఆలోచించింది. ఒక పనికి ఒక మిషన్, రెండు పనులకూ ఒకే మిషన్ అన్నప్పుడు పొదుపు ఎటుందో చిన్నపిల్లవాడికీ తెలుసు. రెండోదాన్నే కొన్నారు. ఒక ప్రభుత్వేతర సంస్థ సరైన నిర్ణయం తీసుకున్న ఆ ఘట్టం ఇక్కడితో ముగిసింది.

ఎందుకంటే సంఘంలోకి ఏ యంత్రం వచ్చినా జాబర్ చూసి సరే అనాలి. మగ్గాలు చెడిపోతే బాగుచేసే మనిషి జాబర్. ఆ జాబర్ వాసుదేవ్ మిషన్ ఆన్ చేసి చేత్తో పట్టుకున్నాడు. అది ఊగింది. ఆయన ముఖం మాడిపోయింది.

"శేట్, మోసపోయినం! ఇది ఊగుతున్నది!"

"ఊగాల్ననే చెప్పిండు గదా పుణె ఆయన?" అన్నాడు రాజారాం శేట్ కొంచెం అనుమానంగా.

"ఖరాబ్ మాల్ అంటగట్టెటోడు ఇంకేం చెప్తడు? ఊగే సాంచ మగ్గం మీద చద్దర్ నేసినోడున్నడా లోకంల? పోగు పోగు తెగుతది. పెంటప్పా, నువ్వు చెప్పు, నువ్వు మగ్గం మీద పుట్టినోడివి."

పెంటప్ప మిషన్ పట్టుకుని చూశాడు. సేల్స్‌మన్ మాట గుర్తుంది. కానీ చిన్నప్పటి నుంచి ఊగే యంత్రం అంటే బిగించాల్సిన యంత్రమనే నేర్చిన చెయ్యి అది. ఆ వణుకు అరచేతికి ఎంతమాత్రం నచ్చలేదు.

"నిజమే, జర ఊగుతున్నది" అన్నాడు. అన్నాక, ఎందుకన్నానా అనుకున్నాడు.

వాసుదేవ్ లోపల ఒక ఇనుప చీలిక దిగ్గొట్టి, వెల్డింగ్ పెట్టి, ఊగుడు పూర్తిగా బంద్ చేశాడు. మిషన్ ఇప్పుడు ఉన్నచోటే స్థిరంగా, శాంతంగా, గిర్రున తిరిగింది. ఉపసంఘం చప్పట్లు కొట్టింది.

మర్నాడు పెంటప్ప మార్కండేయుడికి దండం పెట్టుకుని, కొత్తవాడైనా భయపడనక్కర్లేదన్న మాట నమ్ముకుని, బానెట్ మీద మిషన్ ఆనించి గట్టిగా నొక్కాడు. మొదట మెరుపు వచ్చింది. తర్వాత వాసన వచ్చింది. తర్వాత నలుపు పోయి తెలుపు, తెలుపు పోయి ఇనుము, పళ్లెమంత బయటపడింది.

విచారణ న్యాయంగా జరిగింది. మిషన్ను జాబర్ పరీక్షించాడు కనుక తప్పు మిషన్‌ది కాదు. టవలు సంఘం మాలు కనుక దానిలో తప్పుండే అవకాశమే లేదు. ఇక మిగిలింది పెంటప్ప. అతన్ని తిరిగి షెడ్డులో మగ్గానికి పంపారు. (ఇది శిక్ష కాదనీ బదిలీ అనీ తీర్మానంలో స్పష్టంగా రాశారు.)

కారుకు మాత్రం ఉపాయం దొరికింది. ముందు అద్దం వదిలి మిగతా అంతా ఒక పెద్ద చద్దరు కప్పాలన్నారు. షెడ్డులో ఆ చద్దరు నేసే పని పెంటప్పకే పడింది.

"మల్ల షెడ్డుల వోయినవా? డాక్టరేమన్నడో యాదికి లేదా నీకు?" అని యల్లమ్మ నెత్తి కొట్టుకుంది. జవాబుగా అతనికి దగ్గే వచ్చింది.

పున్నమి నాడు రథం ముందు కారు చద్దరు కప్పుకుని నడిచింది. జనం దాని నేతను మెచ్చుకున్నారు. మెరుపు గురించి ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఉపసంఘం దృష్టికి ఒక చిన్న లోపం వచ్చింది. పెంటప్ప దగ్గినప్పుడల్లా మనిషి ఊగుతున్నాడు, మగ్గం మీద చెయ్యి నిలవడం లేదు, పోగులు తెగుతున్నాయి.

ఒకసారి చూసి బిగించమని వాసుదేవ్‌కు కబురు పంపారు.