రుచి తెలియని కేకు జడ్జి

ముక్కూ నాలుకా పనిచేయడం మానేస్తేనే మనిషి నిష్పక్షపాతంగా తీర్పు చెప్పగలడు. అనుభవం మీద చెబుతున్నాను, నవ్వకండి!

ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో మా ఊరి వ్యవసాయ ప్రదర్శనకు ఇరవై రెండేళ్లుగా ఫ్రూట్ కేకుల జడ్జిని నేనే. జనవరిలో వైరల్ జ్వరం వచ్చి, పోతూ పోతూ నా వాసననూ రుచినీ పట్టుకుపోయింది. ఫిబ్రవరిలో ప్రదర్శన. సంగతి బయటపడితే జడ్జి కుర్చీ దక్కదు. దానికోసం ముగ్గురు కాచుకుని కూర్చున్నారు.

అందుకని నోరు మెదపలేదు. ఎంత హాయి! మా ఆయన కీత్ మాడ్చిన మటన్ ముక్కలను లొట్టలేసుకుంటూ తిన్నాను.

"ఇన్నాళ్లకు నా వంట నచ్చిందన్నమాట!" అని పొంగిపోయాడు పాపం. ఇంతటి సంసార సుఖం ఏ మందు ఇస్తుంది?

పోటీకి పద్నాలుగు కేకులొచ్చాయి. అసలు నాలుకతో పనేముంది? ఎండుద్రాక్ష అడుక్కి దిగిందా, నడినెత్తిన పగులుందా, చల్లార్చే జాలీ గీతలు పడ్డాయా అని చూశాను. గీత పడితే మా దగ్గర మార్కులు కోత! ప్రతి ముక్కా నోట్లో వేసుకుని, కళ్లు మూసుకుని, గంభీరంగా తలూపాను. మొదటి బహుమతి నీలం రిబ్బను బ్రిడీకి ఇచ్చాను. ఊరికి కొత్తగా వచ్చిన నర్సు, తొలిసారి పోటీ చేసింది.

గెలిచిన కేకును కోసి టీతో అందరికీ పంచడం మా ఆనవాయితీ.

"అబ్బ, ఏం కేకండీ!" అన్నాడు ప్రదర్శన కమిటీ అధ్యక్షుడు క్లైవ్. పాస్టరుగారు రెండో ముక్క అడిగి మరీ తిన్నారు. ఓడినవాళ్లు కూడా మెచ్చుకున్నారు. మా ఊళ్లో ఇలాంటిది ఎన్నడైనా జరిగిందా?

సాయంత్రం బ్రిడీ ఏడుస్తూ మా గుమ్మంలో నిలబడింది.

"మావిస్ ఆంటీ, ఈ రిబ్బను తీసేసుకోండి. చక్కెరనుకుని ఉప్పు పోసేశాను! అదే పిండితో చేసిన చిన్న కేకు ఇప్పుడే ఇంట్లో కొరికాను. ఉమ్మేశానండీ!"

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పిల్లను కూర్చోబెట్టి నా సంగతంతా చెప్పేశాను. మర్నాడు రాజీనామా పట్టుకుని, బ్రిడీని వెంటబెట్టుకుని కమిటీ ముందుకెళ్లాను.

"ఉప్పగానే ఉందిలెండి," అన్నాడు క్లైవ్. "జడ్జిగారు బాగుందన్నాక మనమెవరం అని ఊరుకున్నాం. ఇంత ప్రశాంతంగా ప్రదర్శన ఎప్పుడూ జరగలేదు. వచ్చే ఏడు కూడా మీరే ఉండండి."

కమిటీ అంతా చప్పట్లు కొట్టింది. రిబ్బను తిరిగి తీసుకునే నాథుడు లేక బ్రిడీ దాన్ని బల్లమీద పెట్టి వెళ్లిపోయింది.

డాక్టరు మాత్రం ఊళ్లో రుచి పోయింది నా ఒక్కదానికేనంటున్నాడు. ఆయన ఇంకోసారి పరీక్షలు చేస్తే మంచిది, ఈసారి నాకు కాదు.