యథాస్థితి పార్టీ మూడో ఓటు

గ్రీష్మప్రతాపచండమార్తాండుడు రేకుల కప్పుల మీదుగా పడమటికి ఒరుగుచుండగా, ఇస్త్రీపెట్టె చల్లారి, కుట్టుమిషను ఘోష విరమించి, గోడగడియారపు ముల్లు నాలుగున్నర దాటిన ఆ దారుణ ముహూర్తమున, మురుగుకాలువ మూత ఎన్నడో పగిలిన ఒకానొక వీధిలో, ఒకానొక దర్జీ దుకాణములో, ఏ రాజ్యము తలరాతనూ మార్చజాలని మహాసంగ్రామమొకటి ప్రారంభమయ్యెను. వినదలచినవారు వినుడు. పనులున్నవారు పోవుడు.

ఫోనులో ‘ప్రజాసభ’ యను ఆట కలదు. అందు లేని దేశమునకు లేని పార్లమెంటు. అందు చేరిన జనులు పార్టీలు పెట్టుకొని, బిల్లులు తెచ్చి, ఓట్లు వేసి, ఒకరినొకరు గౌరవనీయులని పిలుచుకొనుచునే తిట్టుకొందురు. ఆ సభయందు పరివర్తనమత్తేభకుంభస్థలవిదారణసింహమై యథాస్థితి పార్టీ గర్జించుచుండెను. దాని అధినేత మన దర్జీ. ఇంట అన్నము చల్లారిన పిదపగాని పిలుపు రాని ఆతడు అక్కడ మాత్రము ‘గౌరవనీయ ప్రతిపక్ష నాయకుడు’. తక్కిన సభ్యులిద్దరు: పక్క కొట్టులో పంక్చర్లు వేయు బావమరిది, బస్సు కండక్టరుగా రిటైరైన మామగారు. సిద్ధాంతము జగద్వ్యాప్తము. సభ్యత్వము ఇంటిమట్టుకు.

ఆనాడు అధికారపక్షము సభలోని గోధుమరంగు కుర్చీలను నీలిరంగువి చేయుటకు బిల్లు తెచ్చెను. ఎవ్వరును కూర్చుండజాలని బొమ్మకుర్చీలవి. ఐనను మార్పు మార్పే. ఐదింటికి ఓటింగు. మూడు ఓట్లయినను వేయలేని పార్టీకి గుర్తింపు రద్దని ఆట నియమము. గుర్తింపు పోయిన, నాయకత్వము పోవును. నాయకత్వము పోయిన, దర్జీని గౌరవనీయుడని పిలుచు నాథుడు భూమండలమున మరి లేడు.

మూడవ ఓటుకు అడ్డముగా దుర్గమొకటి నిలిచెను. ఆటకు కొత్త వెర్షను వచ్చెను. అప్‌డేట్ నొక్కినవారికే ఓటు. పార్టీలో చేరునపుడు ప్రతి సభ్యుడును చేయు ప్రమాణమో, ‘ఎంత చిన్న మార్పునైనా ఒప్పుకోను’ అని. రచించినవాడు దర్జీ. నమ్మినవాడు మామగారొక్కడే.

“మామయ్యా, ఆ పచ్చ బటన్ నొక్కండి చాలు,” అనెను దర్జీ.

“నేను నొక్కనయ్యా అల్లుడూ. నిలబెట్టి మరీ ప్రమాణం చేయించింది నువ్వే కదా. నువ్వెలా నొక్కావు?”

“నొక్కలేదు మామయ్యా. వేలు తగిలింది.”

“నాది దానంతటదే అయిపోయింది నాన్నా, నేను నిద్రపోతుంటే,” అనెను బావమరిది.

“నిద్రలో కూడా నిష్ఠ ఉండాలిరా!”

అంతట దర్జీ మెడలోని టేపు పతాకమువలె రెపరెపలాడ, కత్తెర కుడిచేత ధరించి, స్టూలుపై నిలిచి, మేఘగంభీరస్వరమున నిట్లనెను: “ఓ టిక్కెట్టువిదారణధురంధరా! విజిలునాదకంపితదిగంతరాళా! చిల్లర లేదన్నవానిని నడిదారిలో దించిన కఠోరవ్రతా! మహాపరివర్తనమును నిలువరించుటకై అణుమాత్ర పరివర్తనమును సహించుట పరివర్తనమగునా?”

“నాకర్థమయ్యేలా చెప్పు.”

“నా పరువు పోతుంది మామయ్యా. నొక్కండి.”

“మా డిపోలో టిక్కెట్లకి మిషన్లొచ్చినా నేను చింపే టిక్కెట్లే ఇచ్చాను. మెమో ఇచ్చారు. ఇచ్చుకోమన్నాను. నీ పరువొక లెక్కా?”

గడియారపు ముల్లు ఐదింటికి దగ్గరపడెను. అప్పుడు వెనుకగదినుండి దర్జీ భార్య, నోట సూది, చేత బడిపిల్లల చొక్కాలతో వెలువడి, సూది తీసి నోరు విప్పెను.

“గౌరవనీయ గారూ! వీటికి గుండీలు ఎవరు కుడతారు? బయట ఆ మురుగు గుంత గురించి మున్సిపల్ ఆఫీసుకెళ్ళి చెప్పమని ఎన్నాళ్ళుగా మొత్తుకుంటున్నాను? మొన్న నా కాలే పడింది అందులో.”

“దేశం ఆపదలో ఉంటే గుంత గోలేంటే?”

“ఏ దేశం?”

దర్జీ దేశము పేరు వెదకుకొనుచుండగనే ఫోనులు మూడును ఒక్కుమ్మడి మ్రోగెను. బావమరిది చదివెను: “రేపటినుంచి ఈ కొత్త వెర్షన్ కూడా ఉండదంట. ఇంకో కొత్తది వస్తుందంట.”

మామగారి మీసములు నిక్కబొడిచెను.

“ఏంటీ, దీన్ని తీసేస్తారా? అలవాటు పడ్డవాళ్ళు ఏమైపోవాలి?”

“నీకింకా అలవాటు కాలేదు కదా నాన్నా.”

“అవనిచ్చార్రా వాళ్ళు? ఒక పద్ధతీ పాడూ ఉండదూ! ఇది మన పాత వెర్షన్. దీన్ని పోనిచ్చేదే లేదు. ఏదీ, ఎక్కడా బటను?”

అని, పూర్వమెన్నడును చూడని సంప్రదాయమును కాపాడుటకై, ఆ వృద్ధవీరుడు బొటనవ్రేలిని వజ్రాయుధమువలె దించెను. తెరపై చక్రము గిరగిర తిరిగెను. తిరిగి తిరిగి తొంభైతొమ్మిది శాతము వద్ద ఆగెను. దర్జీ ఊపిరియు నచ్చటనే ఆగెను. చక్రము కదలెను. ఓటు పడెను. ఐదు కొట్టెను.

సభ యావత్తును నీలికుర్చీలకు జై కొట్టగా, వ్యతిరేకముగా మూడే ఓట్లు నిలిచెను. కుర్చీలు క్షణములో నీలమయ్యెను.

“గెలిచామా అల్లుడూ?”

“ఓడాం మామయ్యా. కానీ ఉన్నాం.”

తెరపై ‘గౌరవనీయ ప్రతిపక్ష నాయకుడు’ అను అక్షరములు చెక్కుచెదరక వెలుగుచుండెను. దర్జీ వానిని తన గుడ్డతో తుడిచి మరల చూచుకొనెను.

“రేపు వచ్చేదాన్ని మాత్రం చచ్చినా నొక్కను,” అనెను మామగారు. దర్జీ వినబడనట్లు నటించెను.

చాటుడు దిక్కులారా! ముగ్గురి సైన్యము బిరుదును నిలుపుకొన్న ఈ ఘనవిజయమును చాటుడు! గుండీలను భార్యకు విడిచి, ముగ్గురు వీరులును టీ త్రాగుటకు బయల్వెడలి, గుమ్మము ముందరి గుంతను ఎప్పటివలెనే ఎగిరి దాటిరి. ఆ ఒక్కచోట మాత్రము పార్టీ ఆశయము సంపూర్ణముగా నెరవేరియుండెను.