మెల్లయ్య మేత మానేసింది

మెల్లయ్య మేత మానేసి పందొమ్మిది రోజులైంది. మెల్లయ్య అంటే మనిషి కాదు, కొండచిలువ. తిరుపతిలో కట్టెల డిపో గుమాస్తా వెంకటముని, అడవి నుంచి వచ్చిన ఓ మోపులో దొరికిన మూరెడు పిల్లను ఇంటికి తెచ్చి ఆరేళ్లుగా సాకుతున్నాడు.

"చుట్టుకుంటే చుట్టుకోనీ. మనింటికి వేరే చుట్టం యాడుండాడు?" అనేవాడు భార్య సిద్ధమ్మతో.

ఆ రోజు దిగాలుగా వచ్చి, "కోడిపిల్లను ముందర పెట్టినా తల తిప్పుకుంటాండాది మే," అన్నాడు.

"నువ్వు వండి పెట్టినావా ఏంది?" అంది సిద్ధమ్మ.

పామును గోనెసంచిలో వేసుకుని, గుమ్మడికాయలని చెప్పి జట్కా ఎక్కాడు. సగం దారిలో గుమ్మడికాయ కదిలింది. మిగతా సగం నడిచాడు.

పశువుల డాక్టరు జయరావు సంచి విప్పి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఇరవై ఏండ్లుగా ఆవుల్ని జూస్తాండానప్పా. దీనికి గొంతు యాడుండాదో, కడుపు యాడుండాదో నువ్వే సూపించు."

"సగం దాకా గొంతే సార్."

డాక్టరు ధైర్యం చేసి తల నుంచి తోక దాకా తడిమాడు. నడుమ దగ్గర చెయ్యి ఆగింది. "ఈడ ముద్ద తగులుతాంది. గుడ్డ మాదిరుండాది. ఇంట్లో ఏమన్నా గుడ్డ పోయిందా?"

వెంకటముని ఖాళీ సంచిని మడతలు పెట్టసాగాడు. చలి ముదిరినప్పుడు, సిద్ధమ్మకు చెప్పకుండా ట్రంకుపెట్టె అడుగు నుంచి చిన్న బొంత తీసి పాము బుట్టలో పరిచింది తనే. పదహారేళ్ల కిందట, పుట్టిన తొమ్మిదో రోజున పోయిన కూతురికి సిద్ధమ్మ కుట్టిన బొంత అది. కోడి వాసన పట్టిన ఆ గుడ్డను మెల్లయ్య మేతతో పాటు మింగేసింది.

"కోసి తీయడం నా చేత కాదు," అన్నాడు డాక్టరు. "నూనె పట్టిద్దాం. కక్కితే బతుకుతాది."

ఇంటికి రాగానే సిద్ధమ్మ అడిగింది. "ఏమన్నాడు?"

"అజీర్తి అంట."

"ఏం తినిందంట?"

"అది... చెప్పలా."

మరునాడు వెంకటముని బజారంతా తిరిగి, అదే నీలం పూల గుడ్డ వెతికి పట్టుకుని, దర్జీతో బొంత కుట్టించాడు. పాతదిగా కనబడాలని డిపో వెనక బండమీద బాది బాది ఉతికాడు. జీవితంలో ఆయన ఉతికిన మొదటి గుడ్డ అదే. సిద్ధమ్మ నీళ్లకు వెళ్లినప్పుడు పెట్టె అడుగున పెట్టేసి, తన తెలివికి తనే మురిసిపోయాడు.

నాలుగో రోజు తెల్లవారేసరికి మెల్లయ్య చచ్చిపోయింది.

వెంకటముని పెరట్లో గుంత తవ్వుతుంటే సిద్ధమ్మ ఆ కొత్త బొంత తెచ్చి ఇచ్చింది. "దీంట్లో చుట్టు."

"ఏం గుడ్డ మే ఇది?" అన్నాడు ఏమీ ఎరగనట్టు.

"నువ్వు కుట్టించిందే. నా బొంతకు ఒక మూలన పాప పేరుండాది. దర్జీకి చెప్పలేదా?"

వెంకటముని గునపం పక్కన పెట్టాడు. "ఎప్పుడు తెలిసింది నీకు?"

"బుట్టలో పరిచిన పొద్దే సూసినా."

"కోపం రాలా?"

"వచ్చింది. మూడు దినాలు నీ కూరలో ఉప్పెయ్యలా. నువ్వు కనిపెట్టలా."

"మరి తీసేసుకోకపోయినావా?"

"తీసేదానికే పోయినా. చలికి ముడుచుకోని దాని మీద పండుకోనుండె. తీయబుద్ధి కాలా." సిద్ధమ్మ బొంత అంచు సర్దింది. "తీసుంటే మింగేదే కాదు, బతికేది."

వెంకటముని పామును బొంతలో చుట్టి గుంతలో దించాడు. మట్టి తోయబోయి ఆగాడు.

"పేరు పెట్టకముందే పోయింది గదా మే. ఏం పేరు కుట్టినావు?"

"పంకజాక్షి."

పదహారేళ్ల తర్వాత కూతురి పేరు మొదటిసారి విన్నాడు. "అంత చిన్న పాపకు అంత పెద్ద పేరా?" అన్నాడు.

"పెద్దదైతే సరిపోతాదిలే అనుకున్నా," అంది సిద్ధమ్మ.